ఇంట పాట నిలిచినపుడు

పూర్వము మన యిండ్లలో పాటకు గొంతు తప్ప వేఱొక సాధనము లేదు. తిరుగలి కడ నొక పాట, నాట్ల మడిలో నొక పాట, ఊయెల కడ నొక పాట. పిమ్మట గ్రామఫోను వచ్చెను. దక్కను రేడియో వచ్చెను; 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసిపోయెను. క్యాసెట్టు వచ్చినది, పోయినది. నేడు పాట యుండు చోటు వేఱు, మ్రోగు చోటు వేఱు. కంప్యూటరులోనో అరచేతి ఫోనులోనో దాగియున్న పాట, కంటికి కానరాని దారిని నడిచి వచ్చి, ముందటి గదిలోని పెట్టెలో పలుకుచున్నది. ఆ దారి తెగినపుడు ఇంటిల్లిపాదికిని దిక్కు తోచదు. నెట్టు పోయినదని యొకరు, టెలివిజన్ చెడినదని యొకరు చెప్పి యూరకుందురు. హైదరాబాదులో చదువుకొను పిల్లవాడు పండుగకు వచ్చు వఱకు ఆ యింట పాట యుండదు.

ఇది మనకు అందని విద్య యని మేమును చాలకాల మనుకొంటిమి. కాని ఆలోచించి చూడుడు. పొయ్యి రాజుకొననపుడు కట్టె తడిసినదా, బూడిద నిండినదా, గాలి ఆడుట లేదా యని వరుసగా చూచుకొందుము గాని పొయ్యిని పగులగొట్టము గదా! ఇచ్చటను కావలసినది ఆ వరుసయే. మా యింట జరిగిన దానిని చెప్పుచు ఆ వరుసను సోదరీమణులకు తెలుప నెంచితిమి. అందులో మా తప్పులును కలవు. వానిని దాచుటలేదు.

అత్తగారి పాటలు

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతము. మా అత్తగారి పుట్టినిల్లు పాలమూరు జిల్లాలో అచ్చంపేట వైపు. 2016లో జిల్లాలు విడిపోయిన పిదప అది నాగర్‌కర్నూలు జిల్లా యైనది గాని, మా అత్తగారికి మాత్రము కడ వఱకు అది పాలమూరే. ఆమెకు చదువు రాదు. బతుకమ్మ పాటలు మాత్రము ఎన్ని వచ్చునో లెక్క లేదు. 2012లో మా పెద్ద ఆడబిడ్డ తన చిన్న బటన్ల ఫోనులో వానిలో తొమ్మిది పాటలను పట్టినది. మొదటి పాటకు ముందు, "నా గొంతు గిప్పుడేం బాగున్నదే బిడ్డా!" అని ఆమె నవ్విన నవ్వు కూడ అందులో నిలిచియున్నది. 2019లో ఆమె కాలము చేసిరి.

గత సంవత్సరము సద్దుల బతుకమ్మకు నాలుగు దినములు ముందుగా ఆడబిడ్డ లిద్దఱును పుట్టింటికి వచ్చిరి. తంగేడు పూలు, గునుగు పూలు గంపలలో దిగినవి. అమ్మ పాటను పెద్ద పెట్టెలో పెట్టి, దానితోపాటు చప్పట్లు కొట్టుచు ఆడవలయునని వారి కోరిక. పాటలు వెనుక గదిలోని కంప్యూటరులో కలవు. టెలివిజనును, దానికి తగిలించిన స్పీకరు పెట్టెయును ముందటి గదిలో కలవు. మీట నొక్కితిమి. టెలివిజన్ తెరపై మా కంప్యూటరు పేరే కానరాలేదు.

ఊరి గొట్టము, ఇంటి సంపు

అందఱమును మొదట అన్నమాట, "నెట్టు లేదు" అనియే. ఇచ్చట నొక భేదమును గుర్తింపవలయును. ఫ్లోరైడు నీటితో తరతరములు బాధపడిన మా జిల్లావారికి నీటి సంగతి చెప్పిన చాలును, తక్కినది తెలియును. చౌటుప్పలులో 2015లో మిషన్ భగీరథ పైలాను వెలసినది. ఆ నీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే టి-ఫైబరు తీగలకు కూడ గొట్టములు పఱచిరి. 2024 డిసెంబరులో, పూర్వపు పాలమూరు జిల్లాలోనిదే యైన నారాయణపేట జిల్లా మద్దూరులోను, మఱి కొన్ని యూళ్లలోను ఆ తీగపై ఇంటింటికి సేవను ప్రయోగాత్మకముగా మొదలిడిరి. నీరును, నెట్టును ఒకే కందకమున వచ్చుట మా సీమలో ముచ్చటయైన సంగతి.

ఊరి గొట్టమున నీరు రాని దినమున ఇంటి సంపులోని నీరు వాడుకొనమా? అట్లే బయటినుండి వచ్చు నెట్టు ఊరి గొట్టము. ఇంటిలోని రౌటరు, ఫోనులు, కంప్యూటరు, టెలివిజన్ కలిసినది ఇంటి సంపు, ఇంటి కుళాయిలు. మన కంప్యూటరులోని పాట మన టెలివిజనుకు వచ్చుటకు బయటి నెట్టుతో పనిలేదు. రౌటరునకు కరెంటు ఉన్న చాలును. కావున ఇంటి పాట రానిచో కంపెనీవారికి ఫోను చేయుటకు ముందు ఇంటిలోనే వెదకవలయును.

వెదకగా తేలిన దేమన, మా యింట రౌటర్లు రెండు. ఫైబరువారు బిగించినది ముందటి గదిలో నుండెను. వెనుక గదికి అందుట లేదని మేము కొన్నది వెనుక నుండెను. టెలివిజన్ మొదటిదానిని పట్టుకొన్నది, కంప్యూటరు రెండవదానిని పట్టుకొన్నది. ప్రతి రౌటరును తన క్రింది యంత్రములకు ఇంటి నంబర్ల వంటి అంకెలు పంచును. ఒకటి 192.168.1 తో మొదలగు అంకెలను, వేఱొకటి 192.168.0 తో మొదలగు అంకెలను పంచుచుండెను. అనగా పేరునకు ఒక యిల్లు, నడచుటకు రెండు వాడలు.

టెలివిజన్లు పాటల నిలయములను కనుగొను పద్ధతికి డి.ఎల్.ఎన్.ఎ. యని పేరు. సోనీ, ఇంటెల్ మొదలగు సంస్థలు 2003లో కూడి యేర్పఱచిన సంఘమది. 2017లో సంఘము మూతపడినను పద్ధతి మాత్రము టెలివిజన్లలో నిలిచియున్నది. ఈ పద్ధతిలో టెలివిజన్, "పాట లిచ్చువా రెవరైన కలరా?" యని తన వాడలో కేక వేయును. కంప్యూటరు "కలను" అని బదులు పలుకును. ఆ కేక రౌటరును దాటి ప్రక్క వాడకు పోదు. మేము రెండవ రౌటరు అమరికలలో "యాక్సెస్ పాయింటు" అను పద్ధతిని ఎన్నుకొంటిమి. అంతట అది అంకెలు పంచుట మాని, మొదటిదానికి చేయి మాత్రమై నిలిచినది. రెండు వాడలు ఒకటైనవి. కంప్యూటరు పేరు తెరపై కనబడినది!

రౌటరు ఒక్కటే యున్న యిండ్లలో ఇదే కష్టము వచ్చినచో మూడు సంగతులు చూడవలయును. టెలివిజన్ గాని, ఫోను గాని "గెస్టు" అను పేరుగల వైఫైలో చేరినదేమో చూచుకొనుడు. అతిథులకై యుద్దేశించిన ఆ దారిలో యంత్రము లొకదాని నొకటి చూడకుండ తెర కట్టియుండును. కంప్యూటరు మన వైఫైని "పబ్లిక్" అని తలచుచున్నదేమో చూడుడు. అట్లు తలచినచో అది బస్టాండులో కూర్చున్న ఆడపిల్లవలె ఎవరు పిలిచినను పలుకదు. "ప్రైవేటు" అని మార్చిన పలుకును. ఇక కంప్యూటరు నిద్రపోయిన పాటయు నిద్రపోవును. మఱియు కరెంటు పోయి వచ్చినపుడు రౌటరు ఒక్కొక్కమాఱు క్రొత్త అంకెలను పంచును. నిన్న దొరికిన పాట నేడు దొరకకుండుటకు ఇదియు నొక కారణము. కంప్యూటరునకు ఎప్పుడును ఒకే అంకె యిచ్చునట్లు రౌటరులో నియమింపవచ్చును.

రెండడుగుల గోడ

పాట మొదలైనది. ఆడబిడ్డ లిద్దఱును కొంగు బిగించి లేచిరి. పల్లవి ముగియకమున్నే పాట తెగినది. మఱల వచ్చినది, మఱల తెగినది. "ఎక్కువ స్పీడు ప్లాను తీసుకొనుడు" అని మఱిది సలహా యిచ్చెను. మేము కాగితము మీద లెక్క వేసితిమి.

సి.డి. మీద పాటకు సెకనుకు 44,100 నమూనాలు, నమూనాకు 16 బిట్లు, కుడి యెడమలకు రెండు ధారలు. అన్నియు కలిపి సెకనుకు 1,411 కిలోబిట్లు, అనగా ఒకటిన్నర మెగాబిట్టు కూడ లేదు. మామూలు ఎం.పి.3 పాటకు 128 మొదలు 320 కిలోబిట్లు చాలును. ఇంటి వైఫై ఎంత బలహీనమైనను దీనికి పెక్కు రెట్లు మోయును. పైగా ఇంటి పాట ఊరి గొట్టము నుండి వచ్చునదియే కాదు. కావున ఎక్కువ రూకలిచ్చి పెద్ద ప్లాను కొనినను మా పాట అతుకుకొనదు. కావలసినది వేగము కాదు, ఎడతెగని ధార.

మాది పాత యిల్లు. రాయియు మన్నును కూర్చి కట్టిన గోడలు, మందము రెండడుగులు. వేసవిలో చల్లదన మిచ్చు ఆ గోడలే వైఫై తరంగములను అడ్డుకొనుచున్నవి. వైఫైకి 2.4 గిగాహెర్ట్జు, 5 గిగాహెర్ట్జు అని రెండు బాటలు సాధారణముగా నుండును. రెండవదానికి వడి యెక్కువ, గోడను దాటు శక్తి తక్కువ. మొదటిదానికి వడి తక్కువైనను గోడను దాటుట మేలు. అయితే మైక్రోవేవ్ పొయ్యి కూడ ఆ మొదటి బాటలోనే నడచును. అది తిరుగుచున్నంతసేపు పాట తడబడవచ్చును. ఇనుప బీరువా తరంగములను త్రిప్పికొట్టును. మా రెండవ రౌటరు సరిగా బీరువా వెనుక గూటిలో నుండెను. దొంగలకు కానరాకుండ పెట్టితిమి, పాటకును కానరాకుండ పోయినది.

రౌటరును గూటినుండి తీసి ద్వారబంధము పైన, ఎత్తున, నాలుగు వైపుల తెఱపి యున్న చోట నుంచితిమి. పిమ్మట ముందటి గది నుండి వెనుక గదికి కొన్ని రూకల తీగ నొకటి లాగితిమి. తీగ వేసిన పిదప పాట మఱల తెగలేదు. కదలని యంత్రములకు తీగయు, చేతిలో తిరుగు ఫోనులకు వైఫైయు అను నియమము పాత యిండ్ల వారికి మిగుల అనుకూలము.

మాటకు చాలినది పాటకు చాలదు

ఇప్పుడు తెరపై తొమ్మిది పాటలు ఉండవలయును. కనబడినవి నాలుగు. తక్కిన యైదు కంప్యూటరులో ఉన్నను టెలివిజనుకు కానరావు. దారి బాగుపడిన పిదప చూడవలసినది పాట యొక్క రూపము. దానినే ఫార్మాటు అందురు.

ఫైలు పేరు చివర చుక్క తరువాత నుండు అక్షరములు దాని కులగోత్రములను చెప్పును. మా యైదు పాటల చివరను ఏ.ఎం.ఆర్. అని యుండెను. 1999లో సెల్‌ఫోను మాటలకై ప్రమాణముగా స్వీకరింపబడిన రూపమిది. సెకనుకు ఎనిమిదివేల నమూనాలు మాత్రమే తీయును. మిక్కిలి మేలైన దశలో కూడ సెకనుకు 12.2 కిలోబిట్లకు మించదు. ఒక్క మనిషి మాటను మోయుటకు తీర్చినది గాని, పదిమంది వంతపాటను, చప్పట్లను, గాజుల గలగలను మోయుటకు కాదు. పాలమూరు సీమలోని పన్నెండు మెట్ల కిన్నెర సంగతి పెక్కు మందికి తెలియును. దానిని వాయించు దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ పురస్కారము వచ్చినది. అట్టి కిన్నెరను ఈ రూపములో పట్టినచో తీగ మీది పదునంతయు పోయి మొద్దు శబ్దము మిగులును. పాత ఫోనులు దీనినే తఱచు వాడినవి. నేడు వాట్సాపులో మనము పంపు మాటలు 2012లో ప్రమాణమైన ఓపస్ అను రూపమున నుండును. ఇది మిగుల మేలైనది గాని, దీనిని నెఱుగని టెలివిజన్లును కలవు.

మఱిది గారు పేరు చివర ఏ.ఎం.ఆర్. తీసి ఎం.పి.3 అని వ్రాసిరి. టెలివిజన్ పేరును చూపినది, పాడుమన్నచో పాడలేదు. జొన్నల డబ్బాపై బియ్యమని చీటీ అంటించిన అన్నము వండగలమా? రూపమును నిజముగా మార్చవలయును. ఆడాసిటీ అను ఉచిత కార్యక్రమమునకు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను అనుబంధమును చేర్చినచో ఏ.ఎం.ఆర్. పాట తెఱచుకొనును. దానిని వేఱొక పేరుతో ఎం.పి.3 గానో, ఫ్లాక్ గానో దాచుకొనవచ్చును.

ఈ రూపములలో రెండు జాతులు గలవు. ఎం.పి.3, ఏ.ఎం.ఆర్. వంటివి చెవికి అంతగా తెలియదనుకొన్న భాగమును పారవేసి పాటను చిన్నది చేయును. 2001లో వెలువడిన ఫ్లాక్ మాత్రము ఏమియు పారవేయక, చీరను మడత పెట్టినట్లు కుదించును. విప్పినచో పోగైనను పోదు. సి.డి. మేలిమిలో ఒక గంట పాట ఇంచుమించు 635 మెగాబైట్లు పట్టును. ఫ్లాక్ చేసిన తఱచు అందులో సగము, సగమున కొంచెము పైన. 128 కిలోబిట్ల ఎం.పి.3 యైనచో 58 మెగాబైట్లు. అయితే ఏ.ఎం.ఆర్. పాటను ఫ్లాక్ చేసినంత మాత్రమున పోయిన గాజుల సవ్వడి రాదు. నూఱిన పసుపు మఱల కొమ్ము కాదు. ఉన్నది ఇంకను చెడకుండ నిలుచును, అంతే.

రూపము సరిపోయినను శబ్దము రానిచో టెలివిజన్ అమరికలలో "డిజిటల్ శబ్దము" అనుదానిని చూడుడు. స్పీకరు పెట్టెకు శబ్దమును విప్పి యిచ్చుటకు పి.సి.ఎం. అని పేరు. డాల్బీ వంటి తక్కిన పద్ధతులలో మూటగా కట్టి యిచ్చును. మూటను విప్పుట తెలియని పాత పెట్టె మౌనము వహించును. పి.సి.ఎం. అని మార్చగానే మా పెట్టె పలికినది. తెలుగు పేర్లకు బదులు తెరపై గళ్లు గళ్లుగా కనబడినచో పాటకు దోషము లేదు. పేరు యూనికోడులో వ్రాయబడలేదనియో, ఆ టెలివిజనులో తెలుగు అక్షరములు లేవనియో తెలియవలయును.

మా తప్పు

అయిదు పాటలు బాగుపడినవి. మొదటినుండియు తెరపై కనబడిన తక్కిన నాలుగు పాటలను అప్పుడు పెట్టితిమి. అత్తగారి గొంతు నీటిలో మునిగి పాడినట్లుండెను. చప్పట్లు బుడగలవలె వినబడెను. చిన్న ఆడబిడ్డ, "అమ్మ గొంతు గిట్లుండెనా వదినా?" అని మా మొగము చూచినది. మేము బదులు చెప్పలేకపోతిమి. ఏలయన ఆ పని చేసినది మేమే.

2020లో క్రొత్త ఫోనులో వినుటకై ఆ నాలుగింటిని ఎం.పి.3 గా మార్చితిమి. స్థలము తక్కువ పట్టునని అన్నిటికంటె చిన్న అంకెను, సెకనుకు 16 కిలోబిట్లను ఎంచితిమి. పిమ్మట ఒక పాట రెండేసి చోట్ల ఎందులకని అసలును తుడిచివేసితిమి. ఇప్పుడు లెక్క చూడగా, 12.2 కిలోబిట్ల అసలు పాటయే ఆ నకలు కంటె చిన్నది! స్థలమును మిగుల్చుకొనలేదు, పాటను పోగొట్టుకొంటిమి. ఒకమాఱు పారవేసిన దానిని మఱొకమాఱు పారవేసినచో ఏమి మిగులును?

పెద్ద ఆడబిడ్డ ఏమియు అనలేదు. మఱునాడు ఆమె కుమారుడు మిర్యాలగూడ నుండి వచ్చుచు బొత్తాముల డబ్బా నొకటి తెచ్చినాడు. అందులో ఆ పాత ఫోను మెమొరీ కార్డు కలదు. కంప్యూటరులో పెట్టి నాలుగు పాటలను వెదకితిమి. మూడు తెఱచుకొన్నవి. నాలుగవది తెఱచుకొనలేదు. కార్డులో ఆ భాగము చెడిపోయినది. అత్తవారింటికి పోవు బిడ్డకు తల్లి బుద్ధులు చెప్పు పాట యది. ఇక దానికి మా వలన చెడిన నకలే దిక్కు.

ఆ కారణముచేతనే సోదరీమణులకు ఇంతగా చెప్పవలసివచ్చినది. దారి తెగినచో కట్టుకొనవచ్చును. రౌటరు చెడినచో కొనవచ్చును. అసలు పాటను తుడిచినచో అంగడిలో దొరకదు. ఏ మార్పు చేయుటకైనను ముందు అసలును వేఱుగా దాచి, నకలు మీదనే చేయి పెట్టుడు. అసలును ఒకటి ఇంట, ఒకటి వేఱొక పరికరములో, ఒకటి వేఱొక యూరిలోని చుట్టముల యింట నుంచుడు. మెమొరీ కార్డును నమ్ముకొని యుండరాదు. ఇంటిలో పెద్దవా రింకను పాడుచున్నచో నేడే మఱల పట్టుడు. ఇప్పటి ఫోనులలో శబ్దమును పట్టు అమరికలు కలవు. అందులో మేలిమి యెక్కువగా నుండు దానిని ఎంచుకొనుడు. 32 గిగాబైట్ల కార్డు సి.డి. మేలిమిలో ఇంచుమించు ఏబది గంటల పాటను పట్టును. ఏ అవ్వ పాడినను అంతకంటె నెక్కువ కావలయునా?

పాట నిలిచినపుడు చూడవలసిన వరుస యిది. అన్ని యంత్రములును ఒకే వాడలో నున్నవా? ధార ఎడతెగక వచ్చుచున్నదా? పాట రూపము వినిపించు యంత్రమునకు తెలియునా? స్పీకరు పెట్టెకు శబ్దము విప్పి యిచ్చుచున్నామా? ఒక్కొక్కమాఱు ఒక్క మార్పు మాత్రమే చేసి, ఫలితము చూచి, రెండవదానికి పోవలయును. చేసిన మార్పును చాకలిపద్దు పుస్తకములోనైనను వ్రాసి యుంచినచో మఱుసటిసారి పిల్లవాని కొఱకు ఎదురుచూడ నక్కఱలేదు.

సద్దుల నాటి సాయంకాలము వాకిట బతుకమ్మలను నిలిపి, కిటికీ తెఱచి, ఎనిమిది పాటలు పెట్టితిమి. నవ్వుతో మొదలైన ఆ గొంతు వీధి చివరి వఱకు వినబడెను. ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి చుట్టు తిరిగిరి. తొమ్మిదవ పాట వంతు రాగా పెట్టెను నిలిపివేసితిమి. నకలులో తెలిసిన మాటలు కొన్ని, ఆడబిడ్డలకు జ్ఞాపకమున్నవి కొన్ని, అచ్చంపేట నుండి వచ్చిన పెద్దమ్మ అందించినవి కొన్ని కూర్చుకొని మా గొంతులతోనే పాడితిమి. రెండు చరణములు కుదరలేదు. వచ్చే పండుగ నాటికి అవి తెలిసిన ముసలమ్మ యెవరైన దొరకునేమో యని ఆ వైపు ఊళ్లలో అడిగించుచున్నాము. ఈమాఱు పట్టునపుడు అసలును తుడువము.